ముసలమ్మ మంచం, ముగ్గురు దొంగలు

మా ఇంట్లో సప్తర్షి మండలానికి మూడు పేర్లుండేవి. నాన్నకి అది సప్తర్షులు. నాయనమ్మకి ముసలమ్మ మంచం. నాకూ అక్కకీ ప్రశ్నార్థకం. స్కూల్లో అప్పుడే ఆ గుర్తు నేర్చుకున్నాం కాబట్టి ఎక్కడ వంకర గీత కనిపించినా మాకు అదే అనిపించేది. ఎవరి పేరు వాళ్లదే. ఒకరి పేరు ఇంకొకరు ఒప్పుకున్న పాపాన పోలేదు.

వేసవి సెలవుల్లో డాబా మీద పడుకునేవాళ్లం. ఏప్రిల్, మే నెలల్లో చీకటి పడేసరికే ఆ ఏడు చుక్కలూ ఉత్తరాన బాగా పైకి వచ్చి ఉంటాయి. వెతుక్కోనక్కర్లేదు, తలెత్తితే చాలు. నాలుగు మూలలకి నాలుగు చుక్కలు, ఒక మూల నుంచి వంపు తిరిగి ఇంకో మూడు. నాయనమ్మ లెక్కలో ఆ నాలుగూ మంచం కోళ్లు, ఈ మూడూ దొంగలు. ఒక ముసలమ్మకి మంచి మంచం ఉందట. దాన్ని ఎత్తుకుపోదామని ముగ్గురు దొంగలు వచ్చారట. ఆవిడ కన్ను మూయగానే లాగేద్దామని కాచుక్కూచున్నారట. ఆవిడ నిద్రపోదు, వాళ్లు పోరు. అంతే కథ.

"తరవాత?" అనేవాణ్ణి నేను.

"తరవాతేముంది, తెల్లారిపోతుంది. రేపు రాత్రి మళ్లీ వస్తారు."

"మరి ముసలమ్మ ఏది? కనపడదేం?"

"మంచం మీదుంది. నువ్వు కింద నుంచి చూస్తే మంచం అడుగే కదరా కనపడేది!"

ఈ మాటకి ఏం జవాబు చెప్పాలో నాకిప్పటికీ తోచదు.

నాన్నకి ఈ దొంగల గొడవ అస్సలు గిట్టేది కాదు. ఆయన తోక చివరి నుంచి మొదలుపెట్టి మరీచి, వసిష్ఠుడు, అంగిరసుడు, అత్రి, పులస్త్యుడు, పులహుడు, క్రతువు అని వరసగా అప్పజెప్పించేవాడు. పులస్త్యుడి దగ్గరా పులహుడి దగ్గరా తడబడితే మళ్లీ మొదటికి. "మహర్షుల్ని పట్టుకుని దొంగలంటావేంటమ్మా" అని ఆయన విసుక్కుంటే, "నేనన్నానా? మా అమ్మ అంది" అనేసి నాయనమ్మ అటు తిరిగి పడుకునేది. నాకు మాత్రం లోపల్లోపల ఇంకో సరదా. ఆ లెక్కన మరీచి, వసిష్ఠుడు, అంగిరసుడు దొంగలు. మిగతా నలుగురూ పాపం మంచం కోళ్లు!

చాలా ఏళ్లపాటు ఈ మంచం కథ మా నాయనమ్మ సొంత సరుకే అనుకున్నాను. ఆ తరవాత గోండుల ఖగోళ జ్ఞానం గురించి ఒక వ్యాసం దొరికింది. చదువుతూ ఒకచోట ఆగిపోయాను. ఆదిలాబాద్ నుంచి చంద్రపూర్ దాకా ఆ అడవుల్లో ఉండే గోండులకి కూడా ఆ నాలుగు చుక్కలు ముసలమ్మ మంచమే, వెనక మూడూ దొంగలే. వాళ్ల కథలో ఆ ముగ్గురూ మూడు తెగల వాళ్లు: ఒకడు గోండు, ఒకడు కొలాం, ఒకడు పర్ధాన్. ఊళ్లో ఒకళ్లనొకళ్లు ఏడిపించుకోవడానికి బాగా పనికొచ్చే కథ అన్నమాట. నాయనమ్మ అప్పటికి లేదు. ఉంటే నాన్నని ఒక చూపు చూసి ఉండేది.

అక్కణ్ణించి నాకు ఇదో పిచ్చి పట్టుకుంది. ఎక్కడ ఎవరు కలిసినా, మాటల్లో సందు దొరికితే, "మీవాళ్లు ఆ ఏడు చుక్కల్ని ఏమంటారు" అని అడగడం. ఎక్కువమంది నన్ను వింతగా చూసేవాళ్లు. కొందరు మాత్రం చిన్నప్పటి మాటేదో గుర్తొచ్చి ముందుకి వంగేవాళ్లు.

కొన్నాళ్లు గల్ఫ్‌లో ఎడారి మధ్య ఒక సైట్‌లో నైట్ డ్యూటీలు చేశాను. అక్కడ మాకు ఒక పెద్దాయన డ్రైవరు. టీ తాగడానికి బండి ఆపినప్పుడు అడిగాను. ఆయన నాలుగు చుక్కలు చూపించి, రెండు చేతులూ భుజం మీద బరువు మోస్తున్నట్టు పెట్టి, "జనాజా" అన్నాడు. అరబ్బులకి అది పాడె. వెనక మూడు చుక్కలూ ఆ చనిపోయినవాడి కూతుళ్లు. వాటి పేరే 'బనాత్ నాష్', పాడె వెంట నడిచే ఆడపిల్లలు. వాళ్ల తండ్రిని చంపినవాడు ధ్రువ నక్షత్రం. పగ తీరేదాకా పాతిపెట్టం అని పాడె మోసుకుంటూ వాడి చుట్టూనే తిరుగుతున్నారట. చివరి చుక్క పేరు 'అల్‌ఖైద్', అంటే ఆ ఆడపిల్లల నాయకురాలు. ఇవాళ్టికీ ప్రపంచమంతా శాస్త్రవేత్తలు ఆ చుక్కని ఆ పేరుతోనే పిలుస్తారు. నా చిన్నప్పటి మరీచి మహర్షి, నాయనమ్మ చివరి దొంగ, ఇక్కడ తండ్రి పాడె వెంట నడుస్తున్న పెద్ద కూతురు. ఆ రాత్రి టీ చల్లారిపోయింది.

మోయడం అంటే గుర్తొచ్చింది. నాన్న చెప్పిన నహుషుడి కథలో మహర్షులే పల్లకీ మోస్తారు. ఇంద్ర పదవి దొరకగానే కళ్లు నెత్తికెక్కి, శచీదేవి దగ్గరికి మునులు మోసే పల్లకీలో బయల్దేరాడు. నడక మందంగా ఉందని అగస్త్యుణ్ణి కాలితో తన్ని "సర్ప, సర్ప" అన్నాడు, పదండి పదండి అని. ఆయన "సర్పానివే అవు" అన్నాడు. ఆకాశంలో ఆ నాలుగు చుక్కల్ని పల్లకీ అని ఎవరైనా అన్నారో లేదో గానీ, నా మనసులో మాత్రం ఆ రోజు నుంచి పాడె, పల్లకీ, మంచం మూడూ ఒకదాని మీద ఒకటి కూచున్నాయి.

కజక్ సంచారుల కథ చదివినప్పుడైతే గట్టిగా నవ్వేశాను. వాళ్లకి ఏడుగురూ దొంగలే! కోళ్లూ లేవు, మంచమూ లేదు. ధ్రువ నక్షత్రం నేలలో దిగ్గొట్టిన ఇనప గుంజ. దానికి రెండు గుర్రాలు కట్టేసి ఉన్నాయి, ఒకటి తెల్లది, ఒకటి బూడిద రంగుది. గుర్రాలు గుంజ చుట్టూ తిరుగుతాయి, దొంగలు గుర్రాల చుట్టూ తిరుగుతారు. రాత్రంతా ఇదే పని. తెల్లారేదాకా చేతికి గుర్రం చిక్కదు.

ఇంగ్లండులో అది నాగలి, ఫిన్లండులో చేపల వల, హాలండులో వంటగిన్నె, ఆర్కిటిక్ ఇన్యుయిట్లకి కారిబూ జింకలు, పాత ఈజిప్టులో ఎద్దు ముందుకాలు. చైనాలో గరిటె. ఆ గరిటె కాడ సాయంత్రం పూట తూర్పుకి తిరిగితే వసంతం, దక్షిణానికి తిరిగితే వేసవి, పడమరకైతే శరత్తు, ఉత్తరానికైతే చలికాలం అని లెక్క. వాళ్ల ఉపగ్రహాల దారిచూపే వ్యవస్థకి 'బైదూ' అని ఆ గరిటె పేరే పెట్టుకున్నారు. అమెరికాలో బానిసత్వం నుంచి పారిపోయేవాళ్లు ఉత్తరం దిక్కు పట్టుకోవడానికి ఈ మండలంలో అంచున ఉన్న రెండు చుక్కలతోనే ధ్రువ నక్షత్రాన్ని గుర్తుపట్టేవాళ్లు. తానే అలా తప్పించుకొచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ 1847లో పెట్టిన పత్రికకి 'నార్త్ స్టార్' అనే పేరు పెట్టాడు.

ఇక ఎలుగుబంటి సంగతి. గ్రీకుల కథ చాలామందికి తెలుసు: దేవతల రాజు జియస్ కన్నేసిన కలిస్టో, ఆమెని ఎలుగుబంటిగా మార్చేసిన శాపం, పెరిగి పెద్దవాడై తల్లిని గుర్తుపట్టక బల్లెం ఎత్తిన కొడుకు, ఇద్దర్నీ ఆకాశంలోకి ఎగరేసిన జియస్. అప్పటికీ జియస్ భార్య హేరా కోపం చల్లారలేదు. ఆ ఎలుగుబంటిని నీళ్లలో దిగనివ్వొద్దని సముద్రుడి దగ్గర మాట తీసుకుంది. అందుకే ఆ చుక్కలు సముద్రంలో మునగవట. నిజం చెప్పాలంటే ఈ కథ నాకు అంత నచ్చదు. తప్పు చేసినవాడు సింహాసనం మీద, శిక్ష ఆ పిల్లకి. నాకు నచ్చిన ఎలుగుబంటి కథ అట్లాంటిక్‌కి అవతల ఉంది.

కెనడా తూర్పు తీరంలో మిక్మాక్ అనే జాతి వాళ్లు ఉన్నారు. వాళ్ల కథలో నాలుగు చుక్కలే ఎలుగుబంటి. వెనక ఉన్నవాళ్లు వేటగాళ్లు, అందరూ పక్షులే. ముందున్న మూడూ మన తోక చుక్కలు, ఆ వెనక నలుగురు పక్క మండలం వాళ్లు. వసంతంలో ఎలుగు గుహలోంచి బయటికొస్తుంది. వేట మొదలు. వేసవంతా ఉత్తరాకాశం మీద పరుగే పరుగు. శరత్తు వచ్చేసరికి వెనకున్న నలుగురూ దారి తప్పిపోతారు. ఆ చుక్కలు ఆ కాలంలో దిగంతం కిందికి పోతాయి మరి! ముందున్న ముగ్గురే మిగులుతారు. అందరికన్నా ముందున్న రాబిన్ పిట్ట బాణం వేస్తుంది. నెత్తురు చిమ్మి దాని గుండె మీద పడుతుంది. ఒక మేపుల్ చెట్టెక్కి దులుపుకుంటే ఆకులన్నీ ఎర్రబడతాయి. రాబిన్ రొమ్ము ఎర్రగా ఎందుకుంటుందో, శరత్తులో మేపుల్ ఆకులు ఎందుకు ఎరుపెక్కుతాయో రెండూ ఒకే దెబ్బకి తేలిపోయాయి. రెండో వేటగాడు చికడీ పిట్ట, వంటకి కుండ మోసుకొస్తుంది. మూడోవాడు అంతా అయ్యాక తీరిగ్గా వచ్చి, వాటాకి మాత్రం ముందు కూచుంటాడు. ఇలాంటివాడు ప్రతి ఇంట్లోనూ ఒకడుంటాడు, మా ఇంట్లో ఎవరో నేను చెప్పను. చలికాలంలో ఎలుగు ఎముకల గూడు ఆకాశంలో వెల్లకిలా పడి ఉంటుంది. దాని ప్రాణం గుహలో పడుకున్న ఇంకో ఎలుగులో దూరి, వసంతంలో మళ్లీ బయటికొస్తుంది.

గ్రీకులకీ ఎలుగుబంటే, మిక్మాక్‌లకీ ఎలుగుబంటే. ఆ చుక్కల్లో ఎలుగుబంటి పోలికేమీ లేదు, ఎంత కళ్లు చికిలించినా రాదు. అందుకే చాలామంది పండితులు ఈ వేట కథ మంచుయుగంలో ఆసియా నుంచి అమెరికాకి నడిచి వెళ్లిన మనుషుల వెంటే వెళ్లి ఉంటుందంటారు. సామాన్లు పెద్దగా లేని మనుషులు ఒక కథని మాత్రం వదలకుండా తీసుకెళ్లారన్నమాట. మన దగ్గరా ఎలుగు జాడ ఉంది. సప్తర్షుల్ని పూర్వం ఋక్షాలు, అంటే ఎలుగుబంట్లు, అనేవారని శతపథ బ్రాహ్మణంలోనే ఉంది. ఈ మాట నాన్నకి చెబితే కాసేపు మాట్లాడలేదు. దొంగలకన్నా ఎలుగుబంట్లు నయమనుకున్నాడేమో.

ఇన్ని కథలు పోగేశాక నాకు అనిపించింది ఒకటుంది. ఒక్కటీ పూర్తవదు. దొంగతనం పూర్తవదు, పాడె కాటికి చేరదు, గుర్రం చిక్కదు, వేట ఏటేటా మొదటికొస్తుంది. బొమ్మలు ఎవరికి తోచినవి వాళ్లు గీసుకున్నారు, నడక మాత్రం అందరూ ఒకేలా చూశారు. ధ్రువం చుట్టూ తిరిగేవాటికి గమ్యం ఉండదు కదా. పైగా ఉత్తరాదిన, గ్రీసు లాంటి చోట్ల, వాళ్ల ఆదికవి హోమర్ కాలంలో ఈ చుక్కలు అస్తమించేవే కావు. కాబట్టి వాళ్ల ఎలుగుకి స్నానం లేదు, విశ్రాంతి లేదు. మన దేశం భూమధ్యరేఖకి దగ్గర. ఇక్కడ దక్షిణాదిన ఏడుగురూ దిగంతం కిందికి పోయి మళ్లీ పైకొస్తారు. నాయనమ్మ దొంగలు తెల్లారి ఇంటికెళ్లి మర్నాడు రావడంలో లెక్క సరిపోయింది.

ఖగోళశాస్త్రం మాత్రం ఈ కథని ఇంకోలా తిప్పింది. 1869లో రిచర్డ్ ప్రాక్టర్ అనే ఆయన ఈ చుక్కల కదలికల్ని లెక్కగట్టి, మధ్యలో ఉన్న అయిదూ కలిసి ఒకే వైపు పోతున్నాయని కనిపెట్టాడు. నిజంగానే అవి ఒక గుంపు, మనకి సుమారు 80 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాయి. రెండు కొసల్లో ఉన్న చుక్కలు, మరీచీ క్రతువూ, ఇంకా వెనక ఉన్నాయి, వాటి దారి వేరు. నాయనమ్మ భాషలో చెప్పాలంటే, ఇద్దరు దొంగలూ మూడు కోళ్లూ ఒకటే ముఠా. చివరి దొంగా నాలుగో కోడూ వీళ్లకి ఏమీ కారు. వేల ఏళ్లు గడిచేకొద్దీ మంచం ఒక మూల సాగిపోతుంది. ఆ అయిదు చుక్కల నుంచి ఇవాళ మన కంట్లో పడే వెలుగు నాయనమ్మ కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో బయల్దేరింది.

అన్నిటికన్నా నన్ను పట్టుకుని వదలనిది మాత్రం ఎనిమిదో చుక్క. నడిమి దొంగ పక్కనే, నిండు చందమామ వెడల్పులో సగం కూడా లేని ఎడంలో, మసగ్గా మిణుకుమంటూ ఉంటుంది. నాన్నకి అది వసిష్ఠుడి పక్క అరుంధతి. నాయనమ్మకి దొంగ వెంట వచ్చిన కుక్క. "మొరగదేం?" అంటే "దొంగ కుక్క కదా, ఎందుకు మొరుగుతుంది" అనేది. మిక్మాక్‌లకి అదే చికడీ మోసుకొచ్చే కుండ. అరబ్బులకి 'సుహా', కంటిచూపుకి పరీక్ష. వాళ్లలో ఒక సామెత ఉంది: నేను వాడికి సుహాని చూపిస్తుంటే వాడు నాకు చంద్రుణ్ణి చూపిస్తాడు అని. పొంతన లేకుండా మాట్లాడేవాళ్ల మీద వేసే చురక.

అరుంధతి గురించి భారతంలో రెండు మాటలున్నాయి, ఒకటి మెచ్చుకోలు, ఒకటి నిష్ఠూరం. స్వాహాదేవి అగ్ని కోసం ఋషి పత్నుల రూపాలు ఒక్కొక్కటే ఎత్తింది. ఆరుగురి రూపాలు వచ్చాయి, అరుంధతి రూపం మాత్రం ఎత్తలేకపోయింది. అపవాదు పడ్డ ఆ ఆరుగురినీ భర్తలు వెళ్లగొట్టారు, వాళ్లే కృత్తికలయ్యారు. కార్తీకమాసం సాయంత్రాల్లో తూర్పున కృత్తికలు పైకొస్తుంటే ఉత్తరాన సప్తర్షులు జాడ ఉండరు, ఇప్పటికీ ఎడమొహం పెడమొహమే. ఇక నిష్ఠూరం: వసిష్ఠుడంతటివాణ్ణి అనుమానించిందని, అందుకే ఆమె పొగచూరినట్టు మసకబారిందని ఇంకోచోట చెప్పారు. ఇది విన్నప్పుడల్లా అమ్మ, "అనుమానించినావిడ మసకబారింది సరే, భార్యల్ని వెళ్లగొట్టిన ఆరుగురూ ఎందుకు మసకబారలేదు?" అని అడిగేది. నాన్న దగ్గర జవాబు ఉండేది కాదు.

కజక్‌ల కథలో ఆ ఎనిమిదో చుక్క ఎవరనుకున్నారు? ఏడుగురు దొంగలూ ఎత్తుకుపోయిన పిల్ల. ఎవరి పిల్ల? కృత్తికల కూతురు. ఆ పిల్ల కోసమే కృత్తికలు వెంటపడుతున్నారట. ఇక్కడేమో ఆరుగురిని తరిమేస్తే ఒకావిడ ఈ ఏడుగురి దగ్గర ఉండిపోయింది. అక్కడేమో ఆ గుంపులోంచి ఒకమ్మాయిని ఈ ఏడుగురూ ఎత్తుకొచ్చారు. నడుమ హిమాలయాలు, అటువైపు గడ్డి మైదానాలు. ఎవరి నోట విని ఎవరు చెప్పారో! ఇది తెలిసిన రోజు నాకు రాత్రి నిద్రపట్టలేదంటే నమ్మండి.

టెలిస్కోపులు వచ్చాక ఆ జంట సంసారం ఇంకా పెద్దదైంది. 1617లోనే గెలీలియో, ఆయన శిష్యుడు కాస్టెల్లీ వసిష్ఠుణ్ణి చూసి అక్కడున్నది ఒకటి కాదు రెండని పోల్చారు. 1889లో పికరింగ్ ఆ రెంటిలో ఒకటి మళ్లీ రెండని వర్ణపటం చూసి చెప్పాడు. తరవాత రెండోదీ జంటే అని తేలింది. 2009లో అరుంధతి పక్కనా చిన్న తోడు కనపడింది. మొత్తం ఆరుగురు. నాన్నకి ఈ లెక్క చెబితే, "ఆశ్రమం అన్నాక ఆ మాత్రం జనం ఉండరూ" అన్నాడు.

ఈ నాన్నకే వయసు మళ్లాక కళ్లల్లో శుక్లాలు వచ్చాయి. ఒక వేసవి రాత్రి డాబా మీద కూచుని, "వసిష్ఠుడు ఒక్కడే ఉన్నాడురా" అన్నాడు. లైట్ల వెలుగు ఎక్కువైందిలే అని సర్దిచెప్పబోయాను. ఆయన వినకుండా ఒక శ్లోకం ఎత్తుకున్నాడు. దీపం ఆర్పినప్పుడు వచ్చే వాసన తెలియనివాళ్లు, మేలుకోరేవాళ్ల మాట చెవిన పెట్టనివాళ్లు, అరుంధతి కనపడనివాళ్లు, ఈ ముగ్గురికీ ఆయుష్షు తీరినట్టే అని. సుశ్రుతుడు కూడా చావు దగ్గరపడ్డ లక్షణాల్లో అరుంధతి కనపడకపోవడాన్ని చేర్చాడు. జపాన్‌లోనూ ఇదే నమ్మకం ఉండేది, ఈ చుక్క కనపడకపోతే ఆ ఏడాది గడవదని. ఇదంతా నాకు తెలిసినా ఆ పూట నోరెత్తలేదు.

"ఈ లెక్కన నేను ఎప్పుడో పోయుండాలి" అని నాన్నే నవ్వాడు.

"రెండోది మీరు పెళ్లయిన నాటి నుంచీ వినట్లేదు, ఏమైనా అయిందా?" అంది అమ్మ, మెట్ల మీద నుంచే.

ఆపరేషన్ అయింది. పచ్చ కళ్లద్దాలు తీసేశాక కొన్నాళ్లకి ఒక రాత్రి నాన్న ఫోన్ చేశాడు. హలో కూడా లేదు. "రెండూ విడివిడిగా కనపడుతున్నాయిరా. నడుమ చీకటి కూడా కనపడుతోంది" అన్నాడు. వెనక నుంచి అమ్మ గొంతు: "ఆవిడ కనపడింది బాగానే ఉంది, మంచు పడుతోంది లోపలికి రమ్మని గంట నుంచీ మొత్తుకుంటున్నాను, అది వినపడిందేమో అడుగు!"